జట్కా గుర్రానికి మా తమ్ముడి పేరు

భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. గోదావరికి వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి బస్సెక్కాలి. మా తమ్ముడు సుధాకర్ ఆ ఊళ్ళోనే గని ఆఫీసులో పనిచేసేవాడు. జబ్బు చేసి, ఖమ్మంలో మా ఇంట్లో పోయాడు. అతని అస్థికలు కలపడానికి నేనొక్కణ్ణే బయలుదేరాను.

పొద్దున్నే ప్యాసింజరెక్కి, డోర్నకల్‌లో బండి మారి, పదకొండింటికి దిగాను. స్టేషన్లో ఇడ్లీ చల్లారిపోయింది, టీ బాగుంది. బస్టాండుకు జట్కా మాట్లాడుకున్నాను. అప్పటికే అందులో వంకాయల గంపతో ఒకామె ఉంది. గుడ్డ కట్టిన చెంబు ఒళ్ళో పెట్టుకున్నాను.

బండతను పగ్గం అదిలించి, "నడువ్ సుధాకర్" అన్నాడు.

చెంబు జారబోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"మీ జట్కా స్టాండుల పేర్లన్నీ రాజుల గుర్రాలయి యాకూబ్ భాయ్, నడకలు బర్రెలయి" అంది గంపామె.

"ఈ పేరెవరు పెట్టారు?" అని అడిగాను.

"సుధాకర్ సారే" అన్నాడు యాకూబ్. "మా గుర్రాలన్నిటికీ ఆయనే పెట్టిండు. ఒకటి చేతక్. ఇంకోటి బ్యూసెఫలస్, అదెవరో గ్రీకు రాజు గుర్రమట, మాకు నోరు తిరగక బూసీ అంటం. దీనికి మాత్రం, పేరుమోసిన గుర్రాలన్నీ యుద్ధాలల్లనే పాయె, ఇదన్న సల్లగ బతకనియ్, నా పేరు పెట్టు అన్నడు. సార్ ఖమ్మం దవాఖానకు పోయిండు. ఎట్లున్నడో ఏమో."

"నేను వాళ్ళన్నను. ఈ చెంబులో ఉన్నది ఆయనే" అన్నాను.

యాకూబ్ బండి ఆపి దిగాడు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, పెదవులు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కి పగ్గం అదిలించాడు. గుర్రం కదల్లేదు.

"పేరు పిలిస్తెనే నడుస్తది సార్. నాకు నోరొస్తలేదు."

గంపామె నా వైపు తిరిగింది. "బస్సు పోతది బిడ్డా. నువ్వన్న పిలువు."

పిలిచాను. గుర్రం కదిలింది.

బస్సు పాల్వంచ మీదుగా అడవిలోంచి వెళ్ళింది. రెండింటికి రేవులో దిగాను. పని తొందరగానే ముగిసింది. భోజనం చెయ్యాలనిపించలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి బస్టాండు బయట యాకూబ్ కాచుకొని ఉన్నాడు.

"పేరు మార్చాల్నా సార్? మీరెట్లంటె గట్ల."

వద్దన్నాను.

స్టేషన్ దాకా అతను గొంతు తగ్గించి ఆ పేరుతోనే తోలాడు. పిలిచినప్పుడల్లా గుర్రం చెవులు నిక్కించేది. నేను ఉలిక్కిపడేవాణ్ణి.