పిడుదులూ, నా ఉపన్యాసమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. మడకశిర వైపు పల్లెలో పశువుల ఆసుపత్రి ఉద్యోగం, ఇంకా జీతమైనా అందలేదు, అప్పుడే ఊరిని బాగుచేద్దామని బయలుదేరాను. అక్కడి గొర్రెల కాపరులు సాయంత్రమైతే కుక్కను ఒళ్లో వేసుకుని, చెవుల్లో నెత్తురు తాగే పిడుదులు పెరికి, బొటనవేళ్ల గోళ్ల మధ్య టప్పుమని నలిపేవాళ్లు. చూస్తే నా ఒళ్లు మండిపోయేది. "పిడుదు ఒంట్లోని క్రిములు మీ చేతికంటుకుంటే విషజ్వరం వస్తుంది! పట్టకారుతో పెరికి సబ్బునీళ్లలో వేయండి" అని రోజూ గొంతు చించుకునేవాణ్ణి. గొర్రెల తాత అనే పెద్దాయన మాత్రం, "మా నాయన నలిపినాడు, వాళ్ల నాయనా నలిపినాడు. ఏమైనాదప్పా సారూ?" అని ఇంకొకటి నలిపేవాడు.

అంత చెప్పిన నేను ఒక సాయంత్రం ఆసుపత్రి అరుగు మీద కూర్చుని, అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ, పక్కన పడుకున్న కుక్క చెవిలోని పిడుదును పెరికి టప్పుమనిపించాను. (నిజం చెప్పొద్దూ, భలే సుఖంగా ఉంటుంది.)

వారం తిరిగేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం. నాలుగో రోజుకు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్రటి దద్దుర్లు. మా ఇంటి యజమానురాలైన అవ్వ చూసి, "అమ్మవారు పోసిండాది! మందు తాకితే తల్లికి కోపమొస్తాది" అని గుమ్మానికి వేపమండలు కట్టి, మజ్జిగన్నం పెట్టి, నన్ను గదిలో కూర్చోబెట్టింది. ఇది అమ్మవారు కాదని నాకు తెలుసు. కానీ ఆ మాటంటే పిడుదు సంగతి చెప్పాలి, చెబితే ఊరంతా నవ్వుతుంది. రెండు రోజులు నోరు మూసుకుని పడున్నాను. అంత మొండితనం నా పశువుల్లో కూడా చూడలేదు.

మూడో రోజు గొర్రెల తాత వచ్చాడు. "అవ్వా, అమ్మవారు గాదు, ఏమీ గాదు. ఈయప్ప ఫోన్లో మాట్లాడతా పిడుదును నలిపినాడు, నేను సూసినా" అని వేపమండలు పక్కకు నెట్టి, నన్ను బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన అడిగితే నా ఉపన్యాసం మొత్తం, పట్టకారుతో సహా, ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పాడు. మాత్రలు వేసిన రెండు రోజులకు జ్వరం దిగింది.

నవ్వుతారని భయపడ్డాను గానీ, తాత ఆ సంగతి ఇంకెవరితోనూ అనలేదు. సంతలో ఒక పట్టకారు మాత్రం కొన్నాడు. ఇప్పటికీ కుక్క చెవిలో పిడుదు కనిపిస్తే నా బొటనవేలు దానంతటదే లేస్తుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూస్తాను. చూడ్డానికి ఇప్పుడు తాత లేడు, ఉంటే బాగుండుననిపిస్తుంది.