నేను ఫోన్‌గా పనిచేసిన పూట

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు టీ నీళ్లు పొయ్యి మీద పెట్టాను. అప్పుడే జంషెడ్‌పూర్ నుంచి మా మేనకోడలు శ్రావణి ఫోన్ చేసింది. అక్కడి బిర్సానగర్‌లో కొందరు తెలుగు ఆడవాళ్లు కలిసి ఒక వంటిల్లు నడుపుతున్నారు. కార్మికులకు మధ్యాహ్నం భోజనం కేరియర్లు పంపుతారు. వాళ్ల కోసం తను మూడు నెలలుగా ఒక యాప్ తయారుచేస్తోంది. తెరలన్నీ ముందు కాగితాల మీద గీసి, వాళ్ల చేత వాడించి చూడాలి. వాళ్లు బొమ్మ నొక్కినప్పుడల్లా కాగితం మార్చడానికి ఫోన్ బదులు ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి నోరు విప్పకూడదు.

"నువ్వు ఎలాగూ మాట్లాడటం లేదు కదా మావయ్యా," అంది.

నిజమే. నా భార్య సరళ పోయిన ఈ ఎనిమిది నెలల్లో పాలవాడితో తప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం విజయనగరంలో రైలెక్కాను. తత్కాల్‌లో పై బెర్తు దొరికింది. ఎదుటి సీటాయనది పలాస, జంషెడ్‌పూర్‌లో కాంట్రాక్టు పని.

"ఏటి పని మీద ఎల్తన్నారు?" అని అడిగాడు.

"ఫోన్ పని."

"రిపేరా?"

"కాదు. నేనే ఫోన్‌ని."

ఖుర్దా రోడ్ దాకా ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. నాకు నవ్వొచ్చింది గాని పైకి రానివ్వలేదు.

ఉదయం ఏడూ నలభైకి టాటానగర్‌లో దిగాను; జంషెడ్‌పూర్ స్టేషన్ పేరు అదే. స్టేషన్ బయట షేర్ ఆటోలు నిండేదాకా కదలవు. తొందరున్నవాళ్లు ఆటో మొత్తం మాట్లాడుకోవడం మేలు. సీతారామ్‌డేరాలో శ్రావణి గదిలో స్నానం చేసి, పూరీలు తిని, పదిన్నరకు బిర్సానగర్ బయల్దేరాం. దారిలో అసలు సంగతి చెప్పింది. ఏ కేరియర్ ఎవరిదో పైడమ్మ అనే పెద్దావిడకు కంఠస్థం. చదువు రాదు. ఆమె ఒక్కతే, ఎవరి సాయం లేకుండా చేయగలిగితేనే యాప్ తీసుకుంటామని మిగతావాళ్లు తేల్చేశారు. లేకపోతే మూడు నెలల పని చెత్తబుట్టలోకే.

వంటింటి వెనక గదిలో చాప పరిచారు. నా ముందు అట్టతో చేసిన ఫోన్ చట్రం, ఒళ్లో బొమ్మల కాగితాలు. పైడమ్మ చేప ముక్కలకు పసుపు పట్టించి వచ్చింది. చెయ్యి కడిగినా వేళ్ల పసుపు వదల్లేదు.

"ఈ బాబు ఎవులు?"

"ఇవాళ ఫోన్ ఈయనే అత్తా," అంది శ్రావణి.

పైడమ్మ నన్ను పైనుంచి కిందదాకా చూసి, ఒక గ్లాసు టీ తెచ్చి నా పక్కన పెట్టింది. "ఫోనుకి చార్జింగ్ ఎట్టొద్దేటి?"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నేను పెదవి కొరుక్కున్నాను.

మొదటి మూడు తెరలు చకచకా దాటేసింది. చివరి తెర మీద పైన కేరియర్ బొమ్మ, దాని కింద పచ్చ బాణం. ఆ బాణం నొక్కితే కేరియర్ బయల్దేరినట్టు. పైడమ్మ కేరియర్ నొక్కింది. నేను కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఆమె మనవరాలు గుమ్మంలోంచి "నానీ, నీచే దేఖో నా" అని హిందీలో కింద చూడమనబోతే శ్రావణి కళ్లతోనే ఆపింది. పైడమ్మ మూడోసారి గట్టిగా నొక్కి, వంగి నా మొహంలోకి చూసింది.

"ఏటి బాబూ, ఉన్నావా, పోనావా?"

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. టీ ఒలికింది, కాగితాలు జారాయి. "ఉన్నానమ్మా, ఉన్నాను. కేరియర్ కాదు, కింద బాణం," అనేశాను.

శ్రావణి పెన్ను కింద పెట్టేసింది. ఫోన్ చెప్పాక ఇంక పరీక్ష ఏముంది? నా నవ్వు అక్కడితో ఆగింది. జారిన కాగితాలు ఏరుతుంటే చివరిది చేతికొచ్చింది. కేరియర్ బొమ్మ మీద ఒకదాని పక్కన ఒకటి మూడు పసుపు వేలిముద్రలు. బాణం మీద ఒక్కటీ లేదు.

"కేరియర్ అంపాలంటే కేరియరే కదా అట్టుకుంతాం," అంది పైడమ్మ.

శ్రావణి నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది. రబ్బరు తీసుకుని బాణం చెరిపేసింది. ఇక కేరియర్ బొమ్మే నొక్కే బొత్తాం. ఈసారి ఫోన్‌గా తనే కూర్చుంది, ఎందుకంటే నాకు నవ్వు మళ్లీ మొదలైంది. వరస మార్చి, వేరే కేరియర్లు పెట్టి మొదటినుంచీ చేయించింది. పన్నెండూ ఇరవైకి పైడమ్మ చివరి కేరియర్ మీద వేలు పెట్టింది. కాగితం మారింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మిగతావాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని సరేనన్నారు. తర్వాత చేపల పులుసుతో అన్నం పెట్టారు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

మర్నాడు తిరుగు రైల్లో ఈ కథంతా ఎదుటి సీటు దంపతులకు కటక్ దాకా చెప్పాను. జంషెడ్‌పూర్‌లో చూడవలసినవి చాలా ఉన్నాయని వాళ్లే నాకు చెప్పారు. నేను చూసింది ఒక్క వంటిల్లు. దానికోసం మళ్లీ అంత దూరం వెళ్లమన్నా వెళ్తాను.

శ్రావణి ఇంకా కాగితాల మీద పరీక్షలు పెడుతూనే ఉంది. నన్ను మాత్రం ఫోన్‌గా కూర్చోబెట్టడం లేదు.