ఎస్తేరు చేతి పాకం

పన్నెండేళ్లుగా ఒక సంగతి నా గుండెల మీద రుబ్బురోలులా కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్లకు తెలియదు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు కూడా పెదవి విప్పలేదు. నా పేరు చెప్పను. నేనెవరో తెలియని మీకైతే చెప్పగలనేమోనని మొదలుపెట్టాను.

మీరు పల్లీపట్టీ అనేదాన్ని తమిళనాట మా కోవిల్‌పట్టి వైపు కడలై మిఠాయి అంటారు. మా ఊళ్లో దాన్ని ఎస్తేరులా చేసేవాళ్లు లేరు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే కూలిపని ఆమెది. పండగలకు మాత్రం పొయ్యి ముందు కూర్చునేది. బెల్లం పాకం, మా మాటలో పాగు, కుదిరిందా లేదా అని మేమంతా నీళ్లలో చుక్క వేసి చూస్తాం. ఆమె చూసేది కాదు. బుడగల చప్పుడు వింటూ కూర్చుని, ఉన్నట్టుండి బాణలి దించేసేది. చల్లారాక విరిస్తే ఆ మిఠాయి పెళుక్కుమనేది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరించేది. బడి మొహం చూడని ఆ మనిషి చెవిలో ఏ త్రాసు ఉందో!

అందులో అసూయ ఎప్పుడు కలిసింది? ఎంత వెతుక్కున్నా ఆ రోజు దొరకదు.

అప్పుడు నేను మా మహిళా సంఘానికి లీడర్ని. నల్లరేగడి పొలం ఉన్న ఇంటి కోడలిని, నాలుగు ముక్కలు చదివినదాన్ని. ఎస్తేరు అంతకు ముందు నన్ను అమ్మా అనేది. సంఘంలో చేరాకే అక్కా అనడం మొదలుపెట్టింది. విరుదునగర్‌లోని ఒక సంస్థవాళ్లు, సంఘానికి ఒకరికి చొప్పున మిఠాయి తయారీకి పెద్ద పొయ్యి, కోత బల్ల, షెడ్డుకు అప్పు ఇప్పిస్తామన్నారు. మా సంఘంలో అడిగింది ఇద్దరమే, ఎస్తేరూ నేనూ. చేసిన మిఠాయిని రెండు రోజులు డబ్బాలో ఉంచి తెమ్మన్నారు. నిలవ ఉంటుందో లేదో చూడాలి కదా. ఎస్తేరుది తాటాకు ఇల్లు. అవి ఐప్పసి నెల, దీపావళి నాటి వానలు. అందుకని తన డబ్బా తానే మోసుకొచ్చి మా మిద్దెలో పెట్టింది.

మరునాడు మధ్యాహ్నం జల్లు కొడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె డబ్బా మూత తీసి, తడిసిన కిటికీ పక్కన పెట్టాను. అంతే. సాయంత్రం మళ్లీ మూత బిగించాను. చెయ్యి వణికిందా? వణికిందని రాయాలని ఉంది. వణకలేదు.

విరుదునగర్‌లో ఆఫీసరమ్మ నా మిఠాయిని విరిచింది, విరిగింది. ఎస్తేరుది విరవబోతే వంగింది, వేళ్లకు అంటుకుంది. ఎస్తేరు ఆ ముక్కను తీసుకుని వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి చూసింది. నేను దొరికిపోయాననుకున్నాను. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుని అంది:

"తప్పు నాదే అక్కా. పాగు ఒక పొంగు ముందే దించేస్తిని."

"వానకాలం గదా ఎస్తేరూ. తడిగాలి తగిలుంటాది."

"మీ ఇంట్లో గదా డబ్బా ఉండె? ఆడ తడిగాలి ఎట్ల తగులుతాది? నా చెయ్యే మోసం చేసె. ఇంక దాన్ని నమ్మేది లేదు."

నిజాన్ని నాలుక చివరిదాకా తెచ్చి మింగేశాను. తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మా సంఘాల్లో ఒకరి అప్పుకు మిగతావాళ్లు పూచీ పడాలి. మరుసటి మంగళవారం నా అప్పు కాగితం మీద మొదటి సంతకం ఎస్తేరే పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసి, కాగితం నా చేతికిచ్చి నవ్వింది.

నా షెడ్డు రెండేళ్లకే మూతపడింది. నాకు ఆ చెవి లేదు మరి. ఎస్తేరు మాత్రం ఇంటి పొయ్యి మీదే మొదలుపెట్టి, కూలీలను తీసుకెళ్లే ఫ్యాక్టరీ వ్యానుల దగ్గర బుట్టతో నిలబడి అమ్మి, ఇవాళ ఎట్టయాపురం రోడ్డులో సొంత షెడ్డు నడుపుతోంది. పద్నాలుగు మంది ఆడవాళ్లకు అక్కడ పని. పెట్టెలు శివకాశికీ తూత్తుకుడికీ వెళ్తాయి. నా షెడ్డు పోయాక నన్ను పిలిచి ప్యాకింగ్ అప్పగించింది కూడా ఆమే. ఇంతటి మనిషి మా సంఘంలో చాప మీద నా ఎదురుగా కూర్చునేదా అని ఇప్పటికీ నమ్మలేను.

చివరికి ఆమె బాగుపడిందిగా, నా వల్ల పోయిందేముంది అని ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో! పొయ్యి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ఆ మాట నిలవదు. ఎస్తేరు ఇప్పుడు ప్రతి బాణలికీ మూడుసార్లు నీళ్లలో చుక్క వేస్తుంది. అప్పటికీ ధైర్యం చాలక, పక్కన ఎవరుంటే వాళ్లను పాకం వచ్చిందా అని అడుగుతుంది. ఒకప్పుడు ఎవరినీ ఏదీ అడగని మనిషి.

ఈ ఉదయం నన్నే అడిగింది. అడగకముందే ఆమె చేతులు బాణలి పిడుల మీదికి వెళ్లడం చూశాను. సరిగ్గా వెళ్లవలసిన క్షణానికే వెళ్లాయి. వెళ్లి, ఆగిపోయాయి. వచ్చిందని తల ఊపాను.

ఆమెతో చెప్పే ధైర్యం ఎప్పటికి వస్తుందో తెలియదు. చెబితే నన్ను గడప తొక్కనిస్తుందో లేదో తెలియదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాట నాలోంచి బయటికి వచ్చి, నా చేతిరాతతో కాగితం మీద ఉంది: ఆ రోజు పాకం కుదిరింది. ఎస్తేరు చెయ్యి ఏనాడూ తప్పలేదు.