ఎదురింటి ఆఫీసు

సార్ పోయారన్న కబురు వచ్చేసరికి మా వంటింటి గట్టు మీద రెండు డబ్బాలు ఉన్నాయి. పెద్దది మా ఆయనది. చిన్నదాంట్లో గోకరకాయ కూర, ఉప్పు తగ్గించి చేసింది, ఆసుపత్రికి పంపడానికి. ఆయాసంతో చేర్చిన మనిషి తేరుకున్నారనీ, ఇంటికి పంపేస్తామనీ ముందురోజే డాక్టర్లు చెప్పారు. పొద్దున సార్ కూతురు ఫోన్ చేసి, "వదినా, నాన్న పోయిండు" అంది. "ఇంటికి ఎప్పుడు తీసుకొస్తరు?" అని అడిగాను. చేయవలసిన పనులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కుర్చీలు, మంచినీళ్ళు, కింద గేటు దగ్గర బండ్లు తీయించడం. చిన్న డబ్బా మాత్రం సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోయింది.

తార్నాకలో మా అపార్టుమెంటు మూడో అంతస్తులో మా తలుపుకు ఎదురు తలుపు సార్‌ది. యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. బౌద్ధనగర్‌లో ఉండే కూతురు వచ్చి చూసుకుని వెళ్ళేది. కూరగాయల బండి దగ్గర నిలబడినా పాత విద్యార్థులు ఎవరో ఒకరు నమస్తే పెట్టేవారు. "ఏం చేస్తున్నవు?" అని అడిగి, జవాబు చివరిదాకా విని, ఆ తర్వాతే బెండకాయలు ఏరుకునేవారు సార్. ఆయన దగ్గర చదువుకోకపోయినా మేమూ సార్ అనే పిలిచేవాళ్ళం.

ఆయన మాకు చేసిన సాయం గురించి చెప్పాలంటే మా ఆయన ఉద్యోగం మానేసిన సంగతితో మొదలుపెట్టాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం, మేనేజరు. పొద్దస్తమానం మీటింగులే, నా చేత్తో ఒక్క ప్రోగ్రామ్ రాసి ఏళ్ళయింది అని బాధపడేవారు. చివరికి ఉద్యోగం వదిలేసి, కావలసిన వాళ్ళ దగ్గర విడివిడిగా పని ఒప్పుకుని చేస్తానన్నారు. ఫ్రీలాన్స్ అంటారు దాన్ని. పాతబడిన సాఫ్ట్‌వేర్లను బాగుచేసి ఇచ్చే పని. అప్పటికి మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉంది. ఇంటి లెక్కలు నావి. ఒక ఏడాది ఎట్లాగైనా నడుస్తుందని తేల్చుకున్నాకే సరే అన్నాను. ఆ తర్వాత ఏమిటన్నది నా లెక్కకు అందలేదు.

మొదట వచ్చిన చిక్కు మాత్రం నేను అనుకున్నది కాదు. పగటిపూట ఇంట్లో ఉన్న మగమనిషికి పని ఉంటుందని ఎవరూ నమ్మలేదు. "అన్నా, నువ్వు ఇంట్లనే ఉంటవు గద, గ్యాస్ బండ వస్తే జర తీస్కో" అని పై అంతస్తు ఆవిడ చెప్పి వెళ్ళేది. నీళ్ళ ట్యాంకరు వస్తే ఆయనకే ఫోను. అందరి కొరియర్లూ మా ఇంటికే. నేనూ తక్కువేం కాదు. కుక్కర్ మూడు కూతలు కూశాక ఆపమని చెప్పి నల్లకుంట మార్కెట్‌కు వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆయన కొత్తగా పని ఇవ్వబోయే మనిషితో ఫోన్‌లో మాట్లాడుతుంటే కుక్కర్ కూసిందట. మీరు రైల్వేస్టేషన్‌లో ఉన్నారా, తర్వాత చేయనా అని అవతలి మనిషి అడిగాడట.

ఒకనాడు మా ఆయన మెడలో హెడ్‌ఫోన్ వేసుకునే పై అంతస్తు వాళ్ళ గ్యాస్ బండ దొర్లిస్తుంటే సార్ మెట్ల దగ్గర ఎదురయ్యారు.

"ఏందయ్యా, నౌకరి ఇడిచిపెట్టినవా, మార్చినవా?"

"మార్చిన సార్."

"మరి పొద్దుగాల తయారై ఏడికన్న పోవాలె. పోకుంటే జనానికెట్ల తెలుస్తది? మా ఇంట్ల ముందు అర్ర ఖాళీగనే ఉన్నది. రేపు తొమ్మిదింటికి రా. బూట్లేసుకొని రా."

కిరాయి సంగతి నేనే వెళ్ళి అడిగాను. "కిరాయేంది బిడ్డా, మధ్యాహ్నం కూర పంపు. నా వంట నాకే విసుగొచ్చింది" అన్నారు.

మర్నాడు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, బ్యాగు భుజాన వేసుకుని, డబ్బా పట్టుకుని "వెళ్ళొస్తా" అని చెప్పి ఎదుటి తలుపులోకి వెళ్ళారు. సాయంత్రం తిరిగి రాగానే మా అమ్మాయి, "నాన్నా, ట్రాఫిక్ ఎట్లున్నది?" అని అడిగింది. అది మొదలు చాలా రోజులు మా ఇంట్లో అదే హాస్యం.

సార్ ఆ గది తాళంచెవి ఒకటి మా ఆయనకు ఇచ్చేశారు. క్యాంపస్‌లో నడక ముగించుకుని వచ్చి, తలుపు పక్కన పేము కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. పై అంతస్తు ఆవిడ వెతుక్కుంటూ వచ్చిన రోజు మా కిటికీలోంచి విన్నాను.

"అన్న ఉన్నడా సార్?"

"ఆఫీసుల ఉన్నడమ్మా. ఆరింటికి వస్తడు."

"ఆఫీసేడ?"

"గీ గోడెనక."

"అయితే ఒక్కసారి పిలువరాదుండ్రి."

"ఎట్ల పిలుస్తమమ్మా? ఆఫీసుల ఉన్నడని చెప్తి గద."

ఆవిడ కాసేపు గోడను చూసి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు అందరికీ అలవాటైపోయింది.

ఆరు కాగానే సార్ గుమ్మంలో నిలబడి తాళాల గుత్తి గలగలలాడించేవారు. క్యాంపస్ లైబ్రరీలో మూసేవేళకు అటెండర్ అట్లాగే చేసేవాడట. ఇంకొక్క పది నిమిషాలు అంటే ఒప్పుకునేవారు కాదు. ఒకసారి మా ఆయన ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి అన్నాల బల్ల మీద పని మొదలుపెట్టారు. బెల్లు మోగింది. సార్ లోపలికి తొంగిచూసి, "పొద్దంత ఇల్లు ఆఫీసులకు రాకుండ నేను కావలి ఉంటున్న. నువ్వేమో ఆఫీసును ఇంట్లకు తోలుకొచ్చినవా?" అన్నారు. మా ఆయన మూత మూసేశారు.

నాలుగైదు నెలలు గడిచాక, చేతిలో ఉన్న పని అయిపోయి కొత్తది ఇంకా రాని రోజుల్లో, పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పర్మనెంటుగానే మళ్ళీ తీసుకుంటామన్నారు. మా ఆయన రెండు రోజులు గడువు అడిగారు. నాకు మాత్రం ఆయన తిరిగి అక్కడికే వెళ్ళిపోతే బాగుండుననిపించింది. సార్ మాట వింటారని, పొద్దున్నే సార్ నడక నుంచి రాగానే వెళ్ళి అడిగాను.

"సార్, మీరొకసారి చెప్పుండ్రి. వాపస్ పొమ్మని."

"చెప్త బిడ్డా. ఎవరి మాటగ చెప్పాలె?"

"మీ మాటగానే."

"నా మాటైతే వేరే ఉన్నది."

కుర్చీలో కూర్చుని చెప్పారు. "నాకు పర్మనెంటయ్యేటాళ్ళకు సగం తల తెల్లబడ్డది. అంతదాక ఎండకాలం సెలవులొస్తే పని ఖతం. మళ్ళ పిలుస్తరో లేదో ఎవ్వరు చెప్పరు. డిపార్టుమెంటు బీరువ తాళంచెవి నా తాననే ఉండేది. ఆఖరి రోజు ఇంటికి పోతె మా ఆమె ఒక్కటే అడిగేది, తాళంచెవి వాపస్ అడిగిండ్రా అని. అడగలే అంటే, ఇగ పిలుస్తరు పో అని బియ్యం కడిగేది. పర్మనెంటంటే గంతే బిడ్డా. రేపు గూడ రమ్మనుడు. నీ భయం తప్పని నేనంటలేను. కానీ అది నువ్వే చెప్పాలె. ఇంట్ల చెప్తే కొట్లాటయితది. ఆఫీసుకు పోయి చెప్పు."

తొమ్మిది దాటాక వెళ్ళి ఆ గది తలుపు కొట్టాను. బల్లకు ఇవతల కూర్చున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన పని చేసేచోట కూర్చోవడం నాకు అదే మొదలు. నాకు భయంగా ఉంది, పిల్ల చదువు మధ్యలో ఆగుతుందేమోనని నిద్ర పట్టడం లేదు అని చెప్పాను. ఆయన తెర వైపు చూడకుండా విన్నారు.

"ఇప్పటిదాక ముగ్గురికి చేసిన," అన్నారు. "అండ్ల ఇద్దరు ఇంకో పని ఉన్నది, నెలాఖరుకు రమ్మన్నరు. మూడో ఆయన పిలువడు, పిలిచినా నేను పోను. ఏడాది అనుకున్నం గద. ఏడాది నిండనియ్యి. అప్పుడు గూడ నీకు గిట్లనే ఉంటే, నేనే ఫోన్ చేసి నౌకరి అడుగుత."

నేను సరే అని లేచాను. బయట సార్ పేపరులోంచి తల ఎత్తకుండానే, "అయిందా మీటింగు?" అన్నారు.

ఆ ఏడాది నిండింది. ఇంకొకటీ నిండింది. ఆ ఫోన్ చేయవలసిన అవసరం రాలేదు. నా భయం పూర్తిగా పోలేదు. కానీ అది ఇప్పుడు మా ఇద్దరిదీ. అమ్మాయి చదువు ఆగలేదు.

దినకర్మలయ్యాక సార్ కూతురు ఆ ఇల్లు అద్దెకివ్వాలనుకుంది. బల్ల, కుర్చీ మా ఇంట్లోకి మోసుకొచ్చాక మా ఆయన తాళంచెవి ఆమె ముందు పెట్టారు. "ఉండనియ్యన్నా," అంది ఆమె. "కిరాయికొచ్చేటోళ్ళు కొత్త తాళం ఏస్కుంటరట. అది తీస్కొని నేనేం చేస్త." ఆయన దాన్ని తెచ్చి నాకిచ్చారు.

ఇప్పుడు ఆఫీసు మా ముందు గదిలోనే. అయినా తొమ్మిదికి ముందు మా ఆయన బూట్లు తొడుక్కుని, డబ్బా పట్టుకుని కిందికి దిగుతారు. క్యాంపస్ గేటు దాకా నడిచి, తిరిగి వచ్చి బెల్లు కొడతారు. నేను తలుపు తీసి పక్కకు జరుగుతాను. కుక్కర్ సంగతి ఎత్తను. సార్ పేము కుర్చీని అడిగి తెచ్చుకున్నాను. అది ఆ గది తలుపు పక్కన ఉంది. బియ్యంలో రాళ్ళు అక్కడే ఏరుకుంటాను.

ఆరు కాగానే లేచి తాళాల గుత్తి గలగలలాడిస్తాను. అందులో ఒకటి ఇప్పుడు ఏ తలుపునూ తెరవదు. దాన్ని ఎవరూ వాపస్ అడగలేదు. లోపల ల్యాప్‌టాప్ మూత పడిన చప్పుడు వినిపిస్తుంది.