వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు

కొత్త కారు సీట్ల మీది ప్లాస్టిక్ కవరు చించగానే ఒక వాసన వస్తుంది. కొనేవాళ్ళు దాన్ని గుండెల నిండా పీల్చుకుంటారు, ఫోటోలు దిగుతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మద్దిలేటి సార్ అరుపు గుర్తుకొస్తుంది. "తలుపులు బార్లా తీసి పెట్టు పాపా, కంపు పోనీ. అదేమన్నా అత్తరా?" ఇవాళ పొద్దున ఒక డెలివరీకి ముందు నాలుగు తలుపులూ తీసిపెట్టి నిలబడ్డాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఈ షోరూముకు మేనేజర్ని నేనే, నా మీద అరిచేవాళ్ళెవరూ లేరు. అయినా తీశాను.

కర్నూలులో నంద్యాల రోడ్డు మీద ఆయనకు కార్ల షోరూము ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే సేల్స్‌లో చేరాను. సార్‌ది తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, నోటినిండా అభిప్రాయాలు. కార్లు అమ్ముకుని బతికే మనిషికి కార్ల కంపెనీల మీద అంత కోపం ఉండటం నేనెక్కడా చూడలేదు. టీవీలో ప్రకటన వస్తే చాలు, మొదలుపెట్టేవారు. "చూడు, ఖాళీ రోడ్డు, నల్లద్దాలు పెట్టుకోని ఒక్క మొగోడు. వీనికి తల్లి లేదా, పెండ్లాం పిల్లోల్లు లేరా? ఎవురి కోసం చేస్తాండారమ్మా ఈ కార్లు?" అదే మనిషి ఆదివారం మోటారు రేసు వస్తే టీవీకి అతుక్కుపోయేవారు. మలుపులో ఎవడైనా ముందువాణ్ణి దాటాడంటే కుర్చీలోంచి లేచి కేక పెట్టేవారు. "రేసులంటే ఇంత పిచ్చి కదా సార్, మరి పికప్ ఎంత అని అడిగిన కస్టమర్లను ఎందుకు కసురుకుంటారు?" అని ఒకసారి అడిగేశాను. "ఆ కారుకు ఒకటే సీటు పాపా. గెలిస్తే వాడు, పడితే వాడు. మన కారుకు వెనక సీటు ఉండాది," అన్నారు.

అందుకే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంటిల్లిపాదీ కారు చూడ్డానికి వస్తే, మేము ముందు తెరవాల్సింది డ్రైవరు తలుపు కాదు, వెనక తలుపు. ఇంట్లో పెద్దావిడ మొదట ఎక్కి కూర్చోవాలి. స్టీరింగు పట్టుకుందామని ఉబలాటపడే కుర్రాళ్ళకు ఒళ్ళు మండేది. ఆయనకేం పట్టేది కాదు. కరెంటు కార్లు వచ్చినప్పుడు మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. నాకు అవి తెగ నచ్చాయి. ఆయనేమో, "మిక్సీకి చక్రాలు బిగించినట్లుండాది. అడుగున బ్యాటరీ పెట్టి నేల ఎత్తు చేసినారు. వెనక కూచుంటే మోకాళ్ళు గడ్డానికొస్తాండాయి," అని కొట్టిపారేసేవారు.

అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక పెద్ద బండి అమ్మితే ఖాయం చేస్తానని సార్ అన్నారు. సరిగ్గా అప్పుడే పత్తికొండ నుంచి ఒక టమోటా వ్యాపారి వచ్చాడు, షోరూములోకెల్లా పెద్ద డీజిల్ బండి కావాలని. వెంట వాళ్ళమ్మ. నా పంట పండిందనుకున్నాను. పద్ధతి ప్రకారం వెనక తలుపు తెరిచాను. అవ్వ ఎక్కలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నాకు ఈ వాసన పడదు నాయనా. రోడ్డు పొడుగునా వాంతులే. మీరు తిరగండి, నేను ఇంట్లో ఉంటా," అంది. కొడుకు నవ్వేశాడు. "మాయమ్మ అంతేలే. ప్రొద్దుటూరులో వాళ్ళక్క మంచం పట్టినా చూసేకి పోలేదు."

మద్దిలేటి సార్ నవ్వలేదు. డీజిల్ కంపు ఉండదని, తాను తిట్టిపోసిన ఆ మిక్సీ బండినే బయటికి తీయించి, అద్దాలన్నీ దించి, అవ్వను కూర్చోబెట్టి తానే నడిపారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ బండ్లలో యాక్సిలరేటరు మీది కాలు టక్కున తీస్తే ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపు వస్తుంది. మొదటి కుదుపుకే ఆయన అద్దంలోంచి అవ్వ ముఖం చూశారు. ఆ తరువాత పాలగిన్నె మోస్తున్నంత నెమ్మదిగా కాలు తీస్తూ, వేస్తూ ఊరి చివరిదాకా తీసుకెళ్ళి తెచ్చారు. అవ్వ దిగి, "యాడా కడుపులో తిప్పలేదే!" అని తనలో తనే ఆశ్చర్యపోయింది. కొడుకు మాత్రం మొహం ముడుచుకున్నాడు. సార్ అతనికి ఏ బండీ అమ్మలేదు. "ఇంటికి పోయి నిదానంగా మీయమ్మను అడిగి రా అప్పా," అని పంపేశారు.

నా చేతికొచ్చిన బండి అలా గేటు దాటిపోయింది. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి, "అమ్మే ఉద్దేశం లేకపోతే షోరూము ఎందుకు సార్? నా బతుకుతో ఆటలా?" అని కడిగేశాను. తిడతారనుకున్నాను. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు.

"నేను మొదటి కారు కొన్యాక మాయమ్మను మహానందికి పిల్చుకోని పోయినా. శానా వేగంగా తోలినా. ఎట్లుండాదిమా అంటే, బాగుండాది నాయనా అనె. ఆడ దిగినాక చూస్తే కొంగంతా తడిసిపోయిండాది. దావ పొడుగునా దాంట్లోనే కక్కుకుంటా వచ్చింది. చెప్పొచ్చు గదమా అంటే, నువ్వు సంబరంగా ఉంటివి, చెడగొట్టేదేలా అనె." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. "మల్లా ఆ కారు ఎక్కల్యా. నేనూ ఎక్కమనల్యా. వెనక కూచున్నోళ్ళు బాగుండాది అంటే నమ్మొద్దు పాపా. అద్దంలో చూడాల."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కొన్నాళ్ళకు టమోటా వ్యాపారి తిరిగొచ్చి కరెంటు బండే తీసుకెళ్ళాడు. అది పెద్ద బండి కాకున్నా సార్ నా ఉద్యోగం ఖాయం చేశారు. అవ్వ వాళ్ళక్కను చూసొచ్చిందని అతనే ఫోను చేసి చెప్పాడు. ఆ కబురు విన్నాక కూడా సార్ ఆ బండ్లను మిక్సీలనే అన్నారు. మొండిమనిషి!

చివరి రోజుల్లో ఆయన కాళ్ళు సహకరించడం మానేశాయి. షోరూము చేతులు మారింది. శ్రీశైలం పోవాలనుందంటే నా కారులోనే బయల్దేరదీశాను. నాదీ మిక్సీయే. నేనెరిగి మొదటిసారి ఆయన వెనక సీట్లో కూర్చుని ప్రయాణం చేశారు. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు మలుపులు మొదలయ్యాయి. ఆయన నా బండెక్కిన సంతోషంలో నేను బండ్ల గురించి, రేసుల గురించి వాగుతూనే ఉన్నాను. "ఎట్లుంది సార్ నా డ్రైవింగు?" అని అడిగాను.

"బాగుండాది పాపా."

అద్దంలోకి చూశాను. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

మలుపు దాటాక పక్కకు తీసి ఆపాను. తలుపు తెరిచి, ఆయన్ను దింపి రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. ఆయన పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "అడగకుండానే ఆపినావే," అన్నారు. "అద్దంలో చూశాను సార్," అన్నాను. ఆ పెద్దమనిషి కళ్ళు నిండాయి. "ఆ పొద్దు మాయమ్మను నేనూ అద్దంలో ఒక్కసారి చూసింటే సాలుండె పాపా. ఒక్కసారి."

ఇవాళ కారు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు తాళం చేతిలోకి రాగానే డ్రైవరు సీటు వైపు పరుగుతీశాడు. వాళ్ళ నాయనమ్మ మా గాజు తలుపు దగ్గరే, ఎటు రావాలో తెలియక, సంచి పట్టుకుని నిలబడింది. వాసన పోయిందో లేదో ఒకసారి తల లోపల పెట్టి చూశాను. వెనక తలుపు పట్టుకుని, "అవ్వా, ముందు నువ్వెక్కు," అన్నాను.