సబర్‌కి విరుగుడు

మొన్న రాయచూరు నుంచి లింగసుగూరు వస్తుంటే బస్సు కల్మలలో ఆగింది. పక్క సీటాయన ఫోన్‌లో ఏదో ఆడుతున్నాడు. అందులోంచి ఒక శబ్దం వచ్చింది. మూత బిగించిన కుక్కర్, విజిల్ వేయాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు ఒక గురగుర. వెంటనే నా కడుపులో మంట మొదలైంది. ఆ నెపం పొద్దున బస్టాండులో తిన్న మిర్చి, బొరుగుల మండక్కి మీదికి నెట్టేద్దామని చూశాను గానీ కుదరలేదు. ఈ మంట నాకు బాగా పాతది. దాని పేరు పద్మ వదిన.

ఆ శబ్దం వచ్చిన ఆట గురించి కొంచెం చెప్పాలి. వింత జంతువులను పట్టుకుని, పెంచి, ఒకదానితో ఒకటి కొట్లాడించే ఆట అది. కుస్తీలో లాగే ఒక్కో జంతువుకూ కొన్ని పట్లు వచ్చి ఉంటాయి. ఒకటి నిప్పు ఊదుతుంది, ఒకటి మెరుపు విసురుతుంది. బుద్ధి ఉన్నవాడెవడూ నేర్పించని పట్టు ఒకటుంది. దాన్ని వాడిన జంతువు రెండు వంతుల పాటు ఏమీ చేయదు. ఆ గురగుర పెడుతూ కూర్చుని తన్నులు తింటుంది. ఆ తర్వాత తిన్నదంతా రెట్టింపు చేసి తిరిగి ఇచ్చేస్తుంది. దానికి ఇంగ్లీషులో పేరేదో ఉంది గానీ మా వీధిలో ఇంగ్లీషు పేర్లు ఎక్కువకాలం బతకవు. ఖాజా దానికి ‘సబర్’ అని పెట్టాడు. ఎవరినైనా కాస్త ఓపిక పట్టమనడానికి మా వైపు అందరూ వాడే మాటే.

ఖాజా నాకు ఒకటో తరగతి నుంచి స్నేహితుడు. ఇంకెవరూ దొరకలేదు కాబట్టి ప్రాణస్నేహితుడు. డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఆటలో వీధి మొత్తానికీ మేమే జంట. ఆ రోజుల్లోనే పద్మ వదిన మా పక్కింటికి కాపురానికి వచ్చింది. ఆమె పుట్టిల్లు కాలువ కింద వలస రైతుల క్యాంపు, కోస్తా నుంచి వచ్చి వరి పండించుకునే కుటుంబం. ఆమె వరండాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ, ఫోన్‌ను చాటకు ఆనించి ఆడేది. సబర్ నొక్కిందంటే ఇక ఫోన్ వైపు చూసేదే కాదు. చింతపండు వైపే చూసేది.

మొదటిసారి ఆమెతో ఆడినప్పుడు నాకు నవ్వొచ్చింది. “ఏంది వదినా, గిట్ల కూసోని తన్నులు తినుడు గూడ ఒక ఆటేనా?”

“తినేది నా జంతువు కదా మరిదిగారూ, మీకెందుకు బాధ? కొట్టండి, మొహమాటపడకండి.”

నేను మొహమాటపడలేదు. రెండు వంతులూ బాగా కొట్టాను. తర్వాత నా జంతువు తెర మీద నుంచి కిందికి జారిపోయింది. ఖాజా “క్యా బాత్ హై భాభీ!” అని నేల చరిచాడు. ఇన్నేళ్లలో నా ఆట చూసి వాడు నేల చరిచిన పాపాన పోలేదు. “బాగుంది యార్” అనేవాడు, అదీ టీ నేనిప్పిస్తే.

ఆమె నాకు ఆట నేర్పిన మాట నిజం. నేను బటన్ మీద వేలు పెట్టబోతే ఆపేది. “మీ వంతు సంగతి తర్వాత. ముందు నేనేం చేస్తానో చెప్పండి.” చెప్పలేకపోతే ఆట సాగనిచ్చేది కాదు. ఇప్పుడు నేను వకీలును. అవతలి వకీలు నోరు తెరవకముందే ఏమంటాడో ఊహించడం మీదే నా పొయ్యి వెలుగుతోంది. ఈ విషయం ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. ఇప్పటికే ఆమెకు ఉన్న గర్వం ఆమెకు చాలు.

ఒకసారి బస్టాండు ఎదుట మొబైల్ దుకాణంవాళ్లు జంటల పోటీ పెట్టారు. గెలిస్తే చెరొక ఇయర్‌ఫోన్. ప్రపంచ కప్పేమీ కాదు. కానీ ఖాజా నేల చూపులు చూస్తూ, “భాభీ గూడ దిగుతా అంటుంది యార్. మీరిద్దరు ఒక ఆట ఆడండి. గెల్చినోళ్లు నాతోటి” అన్నాడు. నేను “ఆయ్తు బిడప్పా, సరేలే” అన్నాను, అదేదో కూరగాయల బేరం అన్నట్టు.

సబర్‌కి విరుగుడు నాకు తెలుసు. ఆ రెండు వంతుల్లో ఆ జంతువును ఎవరూ కొట్టకపోతే దానికి తిరిగి ఇవ్వడానికి ఏమీ ఉండదు. పట్టు వృథా. అంటే నేను చేయాల్సింది, ఏమీ చేయకపోవడం. పైకి సులువైన పనే. అయితే మా వీధిలో ఒక ఆచారం ఉండేది. కొట్టకుండా వంతు వదిలినవాడి చుట్టూ చేరి “గాజులేస్కో” అని చప్పట్లు కొట్టేవాళ్లు. గాజులు వేసుకున్న మనిషే ఎదురుగా కూర్చుని మా అందరినీ వరసగా ఓడిస్తోందన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

ఆమె సబర్ నొక్కింది. నేను కొట్టలేదు. వరండా నిండా చప్పట్లు. ఓర్చుకున్నాను. రెండో వంతు వచ్చింది. వదిన తల ఎత్తకుండా, గింజ తీస్తూ, “తొందర లేదు మరిదిగారూ. మీకు బుర్ర కాస్త నెమ్మదని ఖాజా చెప్పాడు లెండి” అంది.

ఖాజా నవ్వాడు.

నాకున్న పట్లలో అన్నిటికంటే పెద్దది తీసి కొట్టాను. అదే రెట్టింపై తిరిగి వచ్చింది.

“నేనెప్పుడన్నా భాభీ గట్ల!” అని ఖాజా మొత్తుకున్నాడు. ఆమె కల్పించిందట.

“విరుగుడు తెలీదా మీకు?” అంది వదిన.

“తెలుసు.”

“మరి?”

జవాబు ఖాజా ఇచ్చాడు, నా భుజం మీద చెయ్యి వేసి, ఓదార్పుగా. “నిన్న నాతోటి గూడ గిట్లనే మస్తు గెలికింది యార్. నేను కొట్టలే. నవ్వొచ్చింది నాకు.”

అప్పటిదాకా నాకు ఒక్కరి మీదే అసూయ ఉండేది.

పోటీలో వాళ్లిద్దరూ గెలిచారు. నేను వెళ్లి చప్పట్లు కొట్టాను, చేతులు మండేలా. కొట్టినట్టు వాళ్లకు తెలియాలి కదా.

ఇప్పుడు వదిన వాళ్లు మల్లట్‌లో పొలం చేసుకుంటున్నారు. ఖాజా ఇక్కడే టైర్ల దుకాణం పెట్టాడు. ఆదివారం వదిన ఫోన్ చేసింది. “వకీలుగారికి ఒక ఆటకు తీరుబడి ఉందా?” అంది. మాట్లాడుకుంటూనే మొదలుపెట్టాం. సబర్ నొక్కింది. నేను కొట్టలేదు. కోర్టులో ఎన్ని మాటలు పడుతున్నాను, ఇదొక లెక్కా? రెండో వంతు. అవతల గిన్నెల చప్పుడు, తర్వాత ఆమె గొంతు.

“అన్నట్టు, మొన్న ఖాజా వచ్చాడు. పిల్లల్ని కూడా తెచ్చాడు. సాయంత్రం దాకా ఉన్నారు. మీకు చెప్పలేదా?”

చెప్పలేదు. నేను రోజూ వాడి దుకాణం ముందు నుంచే కోర్టుకు వెళ్తాను.

“చెప్పిండు వదినా,” అన్నాను, ఉన్నవాటిలో పెద్ద పట్టు నొక్కుతూ.