అడగకుండా ముట్టుకోని అత్తయ్య

మా మేనత్త అడగకుండా ఎవరినీ ముట్టుకునేది కాదు. బట్టలు కుట్టి బతికే మనిషికి ఇంతకన్నా గిట్టుబాటు కాని జబ్బు ఇంకోటి ఉండదు.

"భుజం మీద టేపు పెట్టనా?"

"పెట్టండి."

"చెయ్యి కాస్త ఎత్తనా?"

"ఎత్తండి."

ఒక్క గౌనుకి పదకొండు అనుమతులు. తొందరున్నవాళ్ళు గుమ్మంలోంచే "అన్నిటికీ సరేనండీ!" అని కేకేసి లోపలికొచ్చేవాళ్ళు.

పక్కింటావిడ ఆర్నెల్ల పాపని తెచ్చి "ఎత్తుకో వదినా" అంటే, అత్తయ్య వంగి, "ఏమ్మా, ఎత్తుకోనా?" అని అడిగి జవాబు కోసం నిలబడింది. పాప కాసేపు ఆలోచించి, అత్తయ్య ముక్కు పట్టుకుని గుంజింది. "ఆఁ, ఇప్పుడు సరే" అని అప్పుడు ఎత్తుకుంది.

ఓసారి మావయ్య ఫ్యాను తుడుస్తూ స్టూలు మీంచి పడ్డాడు. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, "చెయ్యి పట్టుకుని లేపనా?" అంది.

"ముందు లేపవే తల్లీ! అర్జీ రేపు పెట్టుకుందువు!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, బళ్ళో తప్ప. మా బడి యూనిఫారాలు అత్తయ్యే కుట్టేది. ఏటా పెద్ద తరగతుల ఆడపిల్లల కొలతల కోసం కుట్టుపని గదిలో తలుపేసుకుని రెండ్రోజులు కూర్చునేది.

"ఛాతీ కొలత కావాలి. నేను తియ్యనా, నువ్వే తీసుకుని చెప్తావా? వద్దంటే చెప్పు, టేపు చుట్టేసి పక్కన పెడతా."

అలా అడిగే మనిషి దొరికితే పిల్లలు ఊరుకుంటారా? వాళ్ళూ అడిగేవాళ్ళు. ఒకవైపు పెద్దదిగా ఉందేమిటని ఒకతి, నాకింకా నెలసరి రాలేదేమని ఒకతి, ముద్దు పెడితే కడుపొస్తుందా అని ఇంకొకతి. అత్తయ్య కాజా కుడుతున్నంత తాపీగా అన్నీ చెప్పేది. రొమ్ము, యోని, గర్భసంచి అనే మాటల్ని సూది, దారం, బొత్తాం అన్నట్టే అనేది.

"కాస్త మెల్లగా అత్తయ్యా!" అని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

"ఎందుకే? పేరు తెలియని చోట నొప్పేస్తే అమ్మకేమని చెప్తారు?"

నాకు పదమూడేళ్ళప్పుడు ఎవరి తల్లో ఫిర్యాదు చేసింది. హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచి, "మీ అత్తయ్య అక్కడ ఏం చెప్తోంది?" అనడిగింది. అప్పటికే క్లాసులో నాకు 'టేపుగారి కోడలు' అని పేరు పడింది. ఆ ఉక్రోషమంతా కడుపులో ఉంది.

"చెడ్డమాటలు చెప్తోంది, టీచర్" అన్నాను.

మరుసటేడు వేరే దర్జీ వచ్చాడు. పిల్లల్ని చిన్న, మధ్య, పెద్ద అని కంటితోనే తేల్చేసి గంటలో వెళ్ళిపోయాడు. అత్తయ్య "పోన్లే, నా నడుముకి విశ్రాంతి" అంది. నేను తలొంచుకుని అన్నం తిన్నాను.

పదిహేనేళ్ళ తర్వాత, మేం బళ్ళో 'నిచ్చెన' అని ఏడిపించిన పొడుగాటి స్నేహితురాలు బస్సులో కనిపించింది. కూర్చోగానే అత్తయ్య ఎలా ఉందని అడిగింది. తన చిన్నప్పుడు ఇంటికొచ్చే బంధువొకడు తన ఒంటి మీద చెయ్యేశాడట.

"ఎక్కడ వేశాడో పేరు పెట్టి అమ్మకి చెప్పేశా. అంత వివరంగా చెప్పాక అమ్మ నమ్మకేం చేస్తుంది? మళ్ళీ వాణ్ణి గడప తొక్కనివ్వలేదు" అంది. కిటికీ వైపు తిరిగి, "మా చెల్లికే అదృష్టం లేదు. ట్యూషన్ మాస్టారు. అది పెద్ద తరగతికొచ్చేసరికి మీ అత్తయ్య బడికి రావడం మానేసింది కదా. 'నాకు బాలేదమ్మా' అనేది, అంతే. ఏం జరిగిందో చెప్పడానికి దానికి నాలుగేళ్ళు పట్టింది" అంది.

మానేసింది కాదు, నేను మాన్పించాను. నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిందో తెలియలేదు.

నేరుగా అత్తయ్య కొట్టుకెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ మిషను ఆపలేదు.

"నాకు తెలుసే. హెడ్మిస్ట్రెస్ అప్పుడే చెప్పింది."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కమాటా అనలేదేం?"

"పదమూడేళ్ళ పిల్లని ఏమంటాను? ఆ వయసులో నేనూ చెప్పాల్సింది చెప్పలేదు. కొలతలని చెప్పి ఒక దర్జీ ఎక్కడెక్కడో ముట్టుకున్నాడు. తప్పు నాదే అనుకున్నా. అందుకే పట్టుబట్టి ఈ పనే నేర్చుకున్నా. నా టేపు ముందు ఏ పిల్లా అలా బిగుసుకుపోయి నిలబడకూడదని."

మేం ఇన్నేళ్ళూ విరగబడి నవ్విన చాదస్తం ఇదన్నమాట.

"ఆ చెల్లికి జరిగింది ఎలా సరిచెయ్యను అత్తయ్యా?"

"సరయ్యేది కాదే. అది నీతోనే ఉంటుంది." దారం కొరికి నా వైపు చూసింది. "ఆదివారం పొద్దున ఖాళీయేనా? మన వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఇవన్నీ చెప్తున్నా. మగపిల్లల్నీ రమ్మన్నా. అడగడం నేర్చుకోవాల్సింది ముందు వాళ్ళే కదా. నా గొంతు బొంగురుపోయింది, నువ్వు చెప్పు."

ఆదివారం తొమ్మిదిమంది ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు వచ్చారు. గోడకి ఒంటి భాగాల పేర్లు రాసిన బొమ్మ తగిలించి, కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఒక బిడ్డని కన్నాను. అయినా మొదటి పేరు చదవకుండా, వంకరగా లేని బొమ్మని రెండుసార్లు సరిచేశాను.

ముందు వరసలో కళ్ళజోడు పిల్ల కాసేపు ఓపిక పట్టి, చెయ్యెత్తింది.

"అక్కా, మీకు సిగ్గుగా ఉంటే నేను చదవనా?"

తలూపి కర్ర దాని చేతికిచ్చాను. అది గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినపడేలా మొదలుపెట్టింది.